బిగువుకూ వదులుకూ నడుమ కీలు

తెలుగులో కీలు అనే మాట తలుపు రెక్కను ద్వారబంధానికి పట్టి ఉంచే మడతబందుకూ, దేహంలో రెండు ఎముకలు కలిసే చోటుకూ, ఒక వ్యవహారంలోని గుట్టుకూ కూడా చెల్లుతుంది. కీలెరిగి వాత పెట్టాలన్న సామెతలో మూడో అర్థం పలికితే, కీలుబొమ్మ అన్న మాటలో మొదటి రెండూ కలిసిపోయాయి. ఆ మాటకు రూపం చూడదలచినవారికి అనంతపురం సీమలో, ధర్మవరం మండలంలో ఉన్న నిమ్మలకుంట తగిన ఊరు. మేకతోలును వెలుతురు సోకేంత పలచగా చేసి, రంగులద్ది తోలుబొమ్మలు కట్టే కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం లభించింది. బొమ్మ దండచేయినీ ముంజేతినీ విడివిడిగా కత్తిరించి, ఒకదాని అంచును మరొకదానిపై ఆనించి, రెండింటికీ కలిపి రంధ్రం పొడిచి, దారం దూర్చి ముడి వేస్తే మోచేయి తయారవుతుంది. ముడి మరీ బిగిస్తే చెయ్యి లేవదు. మరీ వదిలేస్తే అది వేలాడిపోయి ఆడించేవారి పుల్లకు లొంగదు.

ఈ బిగువుకూ వదులుకూ నడుమ జరిగే బేరమే మనిషి దేహంలోని ప్రతి కీలులోనూ ఉంది. ఎక్కువ కదలిక కావలసిన చోట దేహం పట్టును కొంత వదులుకుంటుంది, గట్టి పట్టు కావలసిన చోట కదలికను వదులుకుంటుంది. కీళ్లలో ఇన్ని రకాలు ఉండడానికి మూలకారణం ఈ బేరం చోటుకొక తీరుగా కుదరడమే. తోలుబొమ్మకు ఆ చిక్కు తక్కువ, ఎందుకంటే తెరకు ఆనుకొని ఉండే ఆ బల్లపరుపు బొమ్మ ఒకే తలంలో కదిలితే చాలు. మనిషి చెయ్యి ముందుకూ, వెనక్కూ, పక్కకూ, పైకీ లేచి, చివరకు తన వీపును తానే గోక్కోవాలి.

కీళ్లను వర్గీకరించే ప్రయత్నం భారతీయ వైద్యంలో చాలా పాతది. సుశ్రుత సంహితలోని శారీరస్థానం కీళ్ల సంఖ్యను 210గా లెక్కగట్టి, వాటిని కదిలేవి, కదలనివి అని రెండుగానూ, ఆకారాన్ని బట్టి ఎనిమిది రకాలుగానూ విభజించింది. ఆ పేర్లలో ఉలూఖలం అంటే రోలు, తున్నసేవని అంటే బట్టల కుట్టు, వాయసతుండం అంటే కాకిముక్కు. తుంటి, చంక, పంటి కుదుళ్లు రోళ్లయితే, పుర్రె పలకల అతుకులు కుట్లు, దవడ కీలు కాకిముక్కు అయ్యాయి. ఇంటి సామాను పేర్లతో దేహాన్ని వివరించిన ఆ పద్ధతి నేటి పాఠ్యపుస్తకాల్లోని బంతిగిన్నె కీలు, బొంగరపు కీలు వంటి పేర్ల కంటే ఏ విధంగానూ వెనకబడినది కాదు. ఆధునిక శరీరనిర్మాణ శాస్త్రం మాత్రం ఆకారానికి ముందు, రెండు ఎముకల నడుమ ఉన్న పదార్థం ఏమిటని అడుగుతుంది. నడుమ నారపోగుల కణజాలం ఉంటే అది తంతు కీలు, మెత్తని ఎముక అనదగిన మృదులాస్థి ఉంటే మృదులాస్థి కీలు, జిగురు ద్రవం నిండిన సన్నని సందు ఉంటే సైనోవియల్ కీలు. మొదటి రకంలో కదలిక దాదాపు ఉండదు, రెండో రకంలో కొద్దిగా ఉంటుంది, మూడో రకంలో ధారాళంగా ఉంటుంది.

తంతు కీళ్లకు పుర్రె మంచి ఉదాహరణ. పెద్దవారి పుర్రెలో పలకల అంచులు రంపపు పళ్లలా ఒకదానిలో ఒకటి దిగబడి, మెదడుకు కదలని డిప్పగా నిలుస్తాయి. పుట్టే సమయానికి మాత్రం ఆ అంచులు కలిసి ఉండవు. కలిసి ఉంటే కాన్పు దారిలో తల ఇమడడమూ, ఆ తరువాత మెదడు పెరగడమూ రెండూ కష్టమే. పలకలు కలవని చోట నెత్తిన మిగిలే మెత్తని భాగాన్నే తెలుగు ఇళ్లలో మాడు అంటారు. స్నానానికి ముందు పెద్దలు అక్కడ ఆముదం అద్దేటప్పుడు వేలికింద నాడి కొట్టుకోవడం తెలుస్తుంది, ఎందుకంటే ఆ చోట ఎముక ఇంకా లేదు, గట్టి పొర మాత్రమే ఉంది. వెనుక ఉండే చిన్న మాడు సాధారణంగా రెండు మూడు నెలల్లోనూ, ముందుది ఎక్కువమంది పిల్లల్లో ఏడాది, ఏడాదిన్నర నడుమా పూడుకుంటాయి. ఆముదం వల్ల మాడు పూడుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు గాని, రోజూ ఆ చోటును తడిమే చేతికి ఒక ప్రయోజనం లేకపోలేదు: విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిన బిడ్డకు మాడు గుంటపడడం వైద్యులు చూసే ముఖ్యమైన గుర్తు. పన్ను దవడలో నిలబడడం కూడా తంతు కీలు వల్లనే. అది ఎముకలో నేరుగా పాతుకొని ఉండదు, చుట్టూ ఉన్న సన్నని నారలు దాన్ని ఊయలలో పట్టినట్టు పట్టి ఉంచుతాయి. చెరకు ముక్క కొరికినప్పుడు పంటి మీద పడే బరువును మొదట తట్టుకునేది ఆ నారలే.

మృదులాస్థి కీళ్ల సంగతి వెన్నులో తెలుస్తుంది. వెన్నుపూసల నడుమ ఉండే 23 డిస్కుల్లో ప్రతి ఒక్కటీ చుట్టూ గట్టి నారల వలయమూ, నడుమ నీటిని పీల్చి ఉబ్బిన మెత్తని గుజ్జూ ఉన్న దిండు వంటిది. రెండు పూసల నడుమ కదలిక చాలా తక్కువే అయినా, అన్నీ కలిస్తే మనిషి నడుము వంచి నాట్లు వేయగలుగుతాడు. పగలంతా దేహం బరువుకు డిస్కుల్లోంచి నీరు కొంత బయటకు పోవడంతో సాయంత్రానికి మనిషి ఒక సెంటీమీటరు, ఒక్కోసారి అంతకు మించి పొట్టి అవుతాడు, రాత్రి పడుకున్నాక ఆ నీరు తిరిగి చేరుతుంది. కటి ఎముకలు ముందువైపు కలిసే చోట కూడా ఇటువంటి కీలే ఉంది. గర్భం మోసే నెలల్లో దేహంలోని హార్మోన్లు అక్కడి బంధాలను కొంత సడలించి కాన్పుకు చోటిస్తాయి.

ఇక మూడో రకం, అంటే సైనోవియల్ కీళ్లు, ఎక్కువ వివరణ కోరేవి. వాటిలో మోకాలు అన్నిటికంటే పెద్దది, చిక్కైనది, జనం నోట ఎక్కువగా నలిగేది. తొడ ఎముక కింది చివర రెండు గుండ్రని బుడిపెలుగా ఉండి, మోకాలి కిందనున్న పెద్ద ఎముక పైభాగం మీద కూర్చుంటుంది. ఆ పైభాగం దాదాపు చదునుగా ఉండడం వల్ల తొడ ఎముక బల్లమీద పెట్టిన గుండ్రాయిలా దొర్లిపోవలసిందే. అలా పోకుండా ఉండడానికి నెలవంక ఆకారంలో రెండు మృదులాస్థి తునకలు, మెనిస్కస్‌లు అనేవి, చుట్టూ ఒడ్డు కట్టినట్టు కుదురుగా అమరి ఉంటాయి. ఎముకను ఎముకతో కట్టే గట్టి నారపట్టీలను సంధిబంధనాలు అంటారు. మోకాలికి అటూ ఇటూ రెండు, లోపల కత్తెర వేసినట్టు అడ్డంగా మరో రెండు, ముఖ్యమైన బంధనాలు ఉన్నాయి. కండరాన్ని ఎముకతో కట్టేది స్నాయువు. తొడ కండరపు స్నాయువులోనే మోకాలి చిప్ప ఇమిడి ఉండి, కప్పీలా పనిచేస్తూ కాలు చాపే బలాన్ని పెంచుతుంది. పల్లెల్లో సంధిబంధనాన్నీ స్నాయువునూ రక్తనాళాన్నీ కలిపి నరం అనే ఒక్క మాటతో సరిపెడతారు కాబట్టి, నరం పట్టిందన్న మాట విని వైద్యుడు ఏది పట్టిందో వెతుక్కోవలసి వస్తుంది.

ఎముకలు ఎదురెదురుగా ఆనే చోట రెండింటికీ నున్నని మృదులాస్థి పూత ఉంటుంది, మందం కొన్ని మిల్లీమీటర్లే. కీలు మొత్తాన్ని సంచిలా చుట్టిన గుళిక లోపలి పొర సైనోవియల్ ద్రవాన్ని స్రవిస్తుంది. గుడ్డులోని తెల్లసొన వలె జిగటగా ఉండే ఆ ద్రవం ఆరోగ్యంగా ఉన్న మోకాలిలో కూడా ఒక చెంచాను మించదు. అయినా ఆ తడితో మృదులాస్థి మీద మృదులాస్థి జారే రాపిడి మంచుగడ్డ మీద మంచుగడ్డ జారే రాపిడి కంటే తక్కువ. ఈ మృదులాస్థికి రక్తనాళాలు లేవు, నొప్పి తెలిపే నాడులూ లేవు. నడిచేటప్పుడు బరువు పడి నలిగినప్పుడల్లా పిండిన గుడ్డలా నీటిని వదిలి, బరువు తొలగగానే ద్రవంలోని పోషకాలతో సహా తిరిగి పీల్చుకోవడమే దాని బతుకు. కీలును బొత్తిగా కదపకుండా ఉంచడం దానికి మేలు చేయకపోవడానికి కారణం ఇదే.

మోకాలి చిప్పలు అరిగిపోయాయనీ, గుజ్జు అయిపోయిందనీ వాడుకలో చెప్పే మాటలు ఈ నిర్మాణం తెలిశాక కొంత సవరించుకోవలసినవి. అరిగేది ప్రధానంగా మృదులాస్థి పూత; అది పలచబడి పగుళ్లు బారిన కొద్దీ కింది ఎముక గట్టిపడి, అంచుల్లో ముళ్లలా పెరుగుతుంది. ద్రవం తగ్గడం మాట అటుంచి, వాచిన మోకాలిలో అది పెరుగుతుంది కూడా. మెటికలు విరిస్తే కీళ్లు అరుగుతాయన్నది మరొక నమ్మకం. వేలిని లాగినప్పుడు కీలు సందు ఒక్కసారిగా విచ్చుకొని, లోపలి పీడనం పడిపోయి, ద్రవంలో వాయుబుడగ ఏర్పడుతుంది. 2015లో కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ ఘడియను ఎంఆర్ఐ యంత్రంలో చిత్రించి, టిక్కుమన్న చప్పుడు బుడగ పుట్టే వేళకే వస్తుందని చూపారు. ఒకసారి విరిచిన మెటిక వెంటనే మళ్లీ పలకకపోవడం చిన్నపిల్లలకూ తెలిసిందే. ద్రవం తిరిగి కుదుటపడడానికి సుమారు ఇరవై నిమిషాలు పట్టవచ్చు. అమెరికా వైద్యుడు డొనాల్డ్ అంగర్ అరవై ఏళ్లకు పైగా ఒక చేతి మెటికలు మాత్రమే విరిచి, రెండో చేతితో పోల్చి, కీళ్లవాతంలో తేడా లేదని ప్రకటించి 2009లో ఇగ్ నోబెల్ అనే సరదా బహుమతి అందుకున్నాడు. ఒక్క మనిషి రెండు చేతులు శాస్త్రానికి చాలవు గాని, ఆ ఓపిక మెచ్చదగినదే.

సైనోవియల్ కీళ్లలోని ఆకారభేదాలకు రాయలసీమ ఇంటి సామానే చక్కని నమూనాలు అందిస్తుంది. మోచేయి, వేలి కణుపులు తలుపు మడతబందులా ఒకే తలంలో ముడుచుకొని చాచుకుంటాయి. అవి మడతబందు కీళ్లు. ఇసుర్రాయిలో కిందిరాయి నడుమ నిలిపిన మేకు చుట్టూ పైరాయి తిరిగినట్టు, మెడలోని రెండో పూసపై నిలువుగా లేచిన ముల్లు చుట్టూ మొదటి పూస తలను మోస్తూ తిరుగుతుంది. అది బొంగరపు కీలు, వద్దని తల అడ్డంగా తిప్పేది ప్రధానంగా అక్కడే. సరేనని తల పైకీ కిందికీ ఆడించేది దాని పైనున్న వేరే కీలు, పుర్రెకూ మొదటి పూసకూ నడుమ ఉన్నది. మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకలు ఒకదానిపై ఒకటి కొద్దికొద్దిగా జారతాయి కాబట్టి వాటివి జారుడు కీళ్లు. పిడికిలి బిగిస్తే పైకి లేచే కణుపులు అండాకార కీళ్లు. వేళ్లు అక్కడ ముడవడమే గాక పక్కకు విచ్చుకోగలవు గాని గుండ్రంగా మెలి తిరగలేవు.

బొటనవేలి మొదట్లో మణికట్టు దగ్గర ఉన్నది జీను కీలు. గుర్రపు జీను మీద కూర్చున్న రౌతు ముందుకూ వెనక్కూ, అటూ ఇటూ ఊగగలిగినట్టే, ఇక్కడ ఒకదాని వంపులో మరొకటి ఎదురుగా కూర్చున్న రెండు ఎముకలు రెండు దిక్కుల్లోనూ ఊగుతాయి; ఆ ఊగుళ్లు కలిసి బొటనవేలిని మిగిలిన వేళ్లకు ఎదురు నిలుపుతాయి. అనంతపురం సీమలో విత్తనానికి బుడ్డలు, అంటే వేరుశనగ కాయలు, ఒలిచే ఆడవారి చేతిని దగ్గరగా గమనిస్తే ఈ కీలు విలువ తెలుస్తుంది: కాయ కొన బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నొక్కుడు పడగానే పగులుతుంది, అదే బొటనవేలు అరక్షణంలో పక్కకు జారి గింజను చేటలోకి తోస్తుంది, ఈలోగా మరో కాయ వేళ్ల సందుకు చేరుతుంది. రోజంతా అలా ఒలిచేవారికి నొప్పి మొదట బొటనవేలి మొదట్లో కనబడడం వింత కాదు, ఎందుకంటే వేలి కొనమీద పెట్టిన బలం ఆ మొదటి కీలు దగ్గరకు వచ్చేసరికి ఎన్నో రెట్లు అవుతుంది.

బంతిగిన్నె కీళ్లు దేహంలో భుజానికీ తుంటికీ ఉన్నాయి. పేరు ఒకటే అయినా కుదిరిన బేరం వేరు. తుంటిలో తొడ ఎముక తల రుబ్బురోటి గుంటలో పొత్రం దిగినట్టు లోతుగా దిగి ఉంటుంది, దాని ముందుభాగాన్ని కప్పే బంధనం దేహంలోని సంధిబంధనాలన్నిటిలో బలమైనది. భుజంలో గిన్నె లోతులేని మూకుడు వంటిది, బంతిలో మూడోవంతు కూడా అందులో ఇమడదు. దాన్ని పట్టి ఉంచే పని ఎక్కువగా చుట్టూ ఉన్న నాలుగు కండరాల స్నాయువులది. అందుకే భుజానికి దేహంలో ఏ కీలుకూ లేనంత స్వేచ్ఛ ఉంది, అందుకే కీలు తప్పడమూ అక్కడే ఎక్కువ. చెయ్యి పూర్తిగా పైకెత్తినప్పటి 180 డిగ్రీల్లో సుమారు 120 మాత్రమే ఈ కీలువి. మిగిలిన 60 డిగ్రీలూ వీపు మీది రెక్క ఎముక పక్కటెముకల మీదుగా జారి అందించేవి.

చాపడం, ముడవడం, పక్కకు ఎడంగా తీయడం, దగ్గరకు చేర్చడం, తిప్పడం అని పుస్తకాలు విడదీసి చెప్పే కదలికలు పనిలో ఎప్పుడూ విడిగా రావు. ధర్మవరంలో పట్టుచీర నేసే గుంటమగ్గం ముందు ఇది స్పష్టంగా కనిపిస్తుంది. నేతగాడు గుంట అంచున కూర్చొని కాళ్లు లోపలికి వేలాడేసి తొక్కుడు చెక్కలను ఒకటి విడిచి ఒకటి తొక్కుతాడు. ఆ తొక్కుడులో చీలమండ కిందికి వంగుతుంది, మోకాలు కొంత చాచుకుంటుంది, తుంటి దానికి సరిపడా కదులుతుంది. పడుగు విచ్చుకున్న క్షణంలో ఒక చెయ్యి తాడు లాగి నాడెను ఈ కొస నుంచి ఆ కొసకు పంపుతుంది, రెండోది పలకను ముందుకు గుంజి పేకను తడుతుంది. తాడు లాగే చేతిలో ముంజేతి మెలికను గమనించాలి. అరచెయ్యి పైకి ఉన్నప్పుడు ముంజేతిలోని రెండు ఎముకలూ పక్కపక్కన సమాంతరంగా ఉంటాయి; అరచెయ్యి కిందికి తిప్పగానే బొటనవేలి వైపు ఎముక రెండోదాని మీదుగా అడ్డంగా పడుతుంది. మోచేతిని రెండో చేత్తో కదలకుండా పట్టుకొని అరచేతిని తిప్పి చూస్తే ఎవరికైనా ఇది తెలిసిపోతుంది. తోలుబొమ్మ ముంజేయి ఒకే తోలుముక్క కాబట్టి బొమ్మకు ఈ కదలిక ఎన్నటికీ రాదు.

నేల మీద బతికే తీరు కీళ్లను ఏం చేస్తుందన్న ప్రశ్నకు ఎముకల మీదే జవాబు రాసి ఉంది. కుర్చీలో కూర్చుంటే మోకాలు సుమారు 90 డిగ్రీలు ముడుచుకుంటుంది. గొంతుకూర్చున్నప్పుడు అది 130 డిగ్రీలు దాటుతుంది, చీలమండ కూడా ముందుకు బాగా వంగుతుంది. చేలో పీకి ఎండబెట్టిన వేరుశనగ చెట్లనుంచి కాయ తెంపేవారు గంటల తరబడి ఉండే భంగిమ ఇది. అలా వంగిన చీలమండలో కాలి ఎముక ముందంచు పాదపు ఎముక మెడకు తగిలి, తగిలిన చోట రెండింటిపైనా నున్నని చిన్న పలకలు ఏర్పడతాయి. 1890లలో పంజాబీల ఎముకలను పరిశీలించిన బ్రిటిష్ వైద్యుడు హావెలాక్ చార్ల్స్ ఈ గుర్తులను వర్ణించి, కుర్చీలకు అలవాటుపడిన ఐరోపావారి ఎముకల్లో అవి అరుదని చూపాడు. ఆ తరువాత పురాతన శ్మశానాల్లో దొరికిన ఎముకలను చూసి ఆ మనుషులు ఎలా కూర్చునేవారో ఊహించడానికి పురావస్తు పరిశోధకులకు ఇవి పనికొచ్చాయి. గొంతుకూర్చోవడం దోషమని ఈ ఎముకలు చెప్పడం లేదు. చిన్ననాటి నుంచి అలవాటైన కీలు ఆ వంపుకు తగ్గట్టు తనను మలచుకుంటుందని మాత్రమే చెబుతున్నాయి. అయితే మృదులాస్థి పలచబడిన మోకాలికి అదే భంగిమ బరువవుతుందన్నది కూడా అంతే నిజం.

అనంతపురం సీమకు సంబంధించి కీళ్ల కథలో నీటిని విడిచిపెట్టడం సాధ్యం కాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ నేలలో జనం లోతు బోర్ల మీద ఆధారపడ్డారు; గ్రానైటు రాళ్లలోని ఖనిజాలనుంచి ఫ్లోరైడు ఆ నీటిలో కరుగుతుంది. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకుండా ఉండడం మేలనీ, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చనీ భారతీయ ప్రమాణం చెబుతుంది. ఏళ్ల తరబడి అంతకు చాలా ఎక్కువ తాగినవారిలో ఎముకలు చిక్కబడడమే గాక, నారలాగా వంగవలసిన సంధిబంధనాల్లోకి సున్నం చేరి అవి ఎముకగా మారతాయి. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కొని, మెడ తిప్పాలంటే దేహమంతా తిప్పవలసిన స్థితి వస్తుంది. అంటే కదిలే కీలు, పుర్రెలోని కుట్టువలె, కదలని కీలుగా మారుతుంది. బేరంలో దేహం పట్టువైపు ఒరిగిపోయి ఇక వెనక్కి రాదు. మద్రాసు రాజధాని జిల్లాల్లో ఈ వ్యాధిని 1937లో షార్ట్, ఆయన సహచరులు వివరంగా నమోదు చేశారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి, ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో యువకులకు మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. అనంతపురం జిల్లాలో 1990లలో పూర్తయిన సత్యసాయి తాగునీటి పథకం వందల గ్రామాలకు నీరు చేర్చడానికి ఉన్న కారణాల్లో ఫ్లోరైడు ఒకటి. అతుక్కున్న వెన్నును విడదీసే మందు లేదు. నీటిని మార్చడమే తరువాతి తరానికి చేయగలిగినది.

అరిగిన కీలు విషయంలో వైద్యం మరింత ముందుకు వెళ్లింది. 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ లోహపు బంతినీ ప్లాస్టిక్ గిన్నెనూ కలిపి తుంటి కీలును నమ్మకంగా మార్చే పద్ధతిని నిలబెట్టాక, ఆ లోహమూ ప్లాస్టిక్కూ జత మోకాలికీ వచ్చింది. ఇక ఈ సీమ సంగతికి వస్తే, 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ, అంటే ఆర్డీటీ, బత్తలపల్లిలో నడిపే ఆసుపత్రిలో ఎముకల వైద్య విభాగం ఉండడం వల్ల ఎముక విరిగినా, కీలు తప్పినా చుట్టుపక్కల పల్లెవాసులకు దూరాభారం తగ్గింది. కీలు మార్పిడి జరిగిన మోకాలు నడకకూ, మెట్లకూ, కుర్చీకీ సరిపడా వంగుతుంది గాని, సాధారణంగా నేల మీద గొంతుకూర్చోవద్దనీ బాసింపట్టు వేయవద్దనీ వైద్యులు చెబుతారు. నేతగాడికి ఇందులో ఒక చిత్రమైన వెసులుబాటు ఉంది: గుంటలోకి కాళ్లు వేలాడేసి కూర్చున్నప్పుడు మోకాలి వంపు కుర్చీలో ఉన్నంతే. చిక్కు కూర్చున్నప్పుడు కాదు, నేలమట్టం నుంచి ఆ అంచుకు దిగేటప్పుడూ తిరిగి లేచేటప్పుడూ వస్తుంది. అందుకని అటువంటివారికి గుంట లేకుండా చట్రం మీద ఎత్తుగా నిలిపే స్టాండు మగ్గం అనువుగా ఉంటుంది. దానికి బల్ల మీద కూర్చొని నేస్తారు, తొక్కుడు చెక్కలు మాత్రం గుంటమగ్గంలో ఉన్నట్టే కాళ్ల కిందే ఉంటాయి.